సంసారం లేనివారి సరదాలు

పెళ్లి కానివారు, పెళ్లి తెగినవారు, భర్తనో భార్యనో పోగొట్టుకుని ఒంటరిగా మిగిలినవారు తమ రోజులో చేసుకునే చిన్న చిన్న సరదాల గురించి తెలుగు సమాజంలో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. దాన్ని ఎవరూ సిద్ధాంతంగా రాసిపెట్టకపోయినా, అద్దె ఇంటి యజమానుల షరతుల్లోనూ, హాస్టల్ గోడల మీది నిబంధనల్లోనూ, పండగకు ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లు వేసే ప్రశ్నల్లోనూ అది నిత్యం వినిపిస్తూనే ఉంటుంది. ఆ అభిప్రాయంలో రెండు భాగాలున్నాయి. బాధ్యత లేని మనిషికే ఇలాంటి సరదాలు ఉంటాయి కాబట్టి అవి ఎదగనితనానికి గుర్తు అనేది మొదటిది. అలాంటివారు నలుగురు ఒకచోట చేరి వాటిని పంచుకుంటే ఒకరి బలహీనత మరొకరికి అంటుకుంటుంది కాబట్టి, ఎవరి సరదాను వారు దాచుకోవడమే మర్యాద అనేది రెండవది. ఈ రెండూ తప్పే. అయితే రెండవది మరింత హాని చేసే తప్పు. మొదటిది మనిషిని కించపరిచి ఊరుకుంటుంది, రెండవది ఆ మనిషిని ఏకాకిని చేస్తుంది.

ఇక్కడ చాటు సరదా అంటే ఏమిటో ముందుగా చెప్పుకోవాలి. చేసేవారికి నిజంగా ఇష్టమై, ఎవరికీ నష్టం కలిగించకపోయినా, నలుగురికీ తెలిస్తే మాత్రం నామోషీ అనిపించే రోజువారీ పని అది: రాత్రి పదకొండింటికి బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీ తినడం, బూస్టు పొడిని పాలలో కలపకుండానే చెంచాతో నోట్లో వేసుకోవడం, ఏడుపు సీరియల్‌ను ఒక్క రోజు కూడా వదలకుండా చూడటం, కంఠతా వచ్చేసిన సినిమాను మళ్లీ పెట్టుకోవడం, నమ్మకం లేకపోయినా వారఫలాలు చదవడం, చిన్నప్పటి నవలను తెరిచి తెల్లవారేదాకా మేలుకోవడం. అప్పు తెచ్చి ఆడే జూదం, ఒళ్లు గుల్ల చేసే తాగుడు, మరొకరి ఇష్టానికి విరుద్ధంగా జరిగే పనులు ఈ కోవలోకి రావు. వాటిని చర్చలోకి లాక్కొచ్చి చిన్న సరదాలన్నిటికీ ఆ మసి పూయడం ప్రబలమైన అభిప్రాయానికి అలవాటు కాబట్టి ఈ గీతను మొదటే గీయవలసి వచ్చింది.

మొదటి భాగాన్ని పరీక్షించడానికి, ఒకే పనిని వేర్వేరు మనుషులు చేసినప్పుడు లోకం ఏమంటుందో గమనిస్తే చాలు. ఆదివారం పొద్దున్నే మాంసం దుకాణం ముందు నిలబడి కిలో మటన్ కొన్న సంసారి ఇంటిని బాగా చూసుకునేవాడు అనిపించుకుంటాడు. అదే దుకాణంలో పావుకిలో కొనుక్కుని గదికి వెళ్లిన ఒంటరి మనిషికి జిహ్వచాపల్యం అంటగడతారు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలను ఐస్‌క్రీమ్ తినడానికి తీసుకెళ్లడం ముచ్చటైన విషయం. నలభై దాటిన అవివాహిత ఒక్కతే వెళ్లి తింటే అది విడ్డూరం. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని సీరియల్ చూస్తే కాలక్షేపం, విడాకులు తీసుకున్న ఉద్యోగిని చూస్తే పని లేకపోవడం. తిన్న పదార్థం ఒకటే, పట్టిన కాలం ఒకటే, మనిషికి పడిన ఖర్చు కూడా ఒకటే. తప్పు పనిలోనే ఉంటే అది ఎవరు చేసినా తప్పే కావాలి. చేసినవారి వైవాహిక స్థితిని బట్టి మారిపోతోందంటే, ఇక్కడ విచారణ జరుగుతున్నది పని మీద కాదు, మనిషి మీద.

సుఖానికి సంసారమే అనుమతిపత్రం అనే ఈ భావన నిన్నమొన్నటిది కాదు. ధర్మార్థకామమోక్షాలనే నాలుగు పురుషార్థాలలో, అంటే మనిషి బతుకులో సాధించదగినవిగా పెద్దలు లెక్కించిన నాలుగు లక్ష్యాలలో, కామానికి, అంటే ఇంద్రియాలకు కలిగే ఇంపుకు, గౌరవప్రదమైన స్థానమే ఉంది. వాత్స్యాయనుడి కామసూత్రాలలో నాగరకుడి దినచర్యను, అంటే పట్టణంలో రసికంగా బతికే మనిషి దినచర్యను వర్ణించే ప్రకరణం గోష్ఠులను, పానగోష్ఠులను, ఉద్యానవిహారాలను, మిత్రులతో కలిసి ఆడే ఆటలను సంకోచం లేకుండా వివరిస్తుంది. సుఖం పదిమందితో పంచుకోవలసినదన్న సంగతి దానికి బాగా తెలుసు. కాని ఆ ప్రకరణమే చదువు ముగించి, ధనం సంపాదించి, గృహస్థాశ్రమంలో ప్రవేశించిన తరువాతే ఈ నాగరక జీవితానికి అర్హత కలుగుతుందని మొదట్లోనే నియమం పెడుతుంది. సుఖశాస్త్రంగా పేరుపడిన గ్రంథమే ఒంటరిగా ఉన్నవాడికి కాక సంసారం ఏర్పరచుకున్నవాడికి ఆ సుఖాన్ని కేటాయించినప్పుడు, తక్కిన శాస్త్రాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ కేటాయింపు వల్ల ఎక్కువ బాధపడినవారు వితంతువులు. బ్రాహ్మణ కుటుంబాలలోనూ, వారి ఆచారాలను అనుసరించిన కొన్ని ఇతర కులాలలోనూ భర్త పోయిన స్త్రీకి ఒంటిపూట భోజనం విధించారు. తాంబూలం, పువ్వులు, రంగు చీర, ఉల్లి, వెల్లుల్లి నిషేధించారు. మారుమనువు ఆచారంగా ఉన్న కులాలలో ఈ కట్టడి ఇంత కఠినంగా లేదు. నిషేధాల జాబితాను జాగ్రత్తగా చూస్తే అందులో ఉన్నవన్నీ రోజువారీ చిన్న సంతోషాలే. నోటికి రుచి, ముక్కుకు వాసన, కంటికి రంగు. భర్త లేని స్త్రీకి పెద్ద సుఖాలు లేకుండా చేస్తే సరిపోతుందని ఆ వ్యవస్థ అనుకోలేదు, తమలపాకు దాకా వచ్చి కాపలా కాసింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్న వెలి, ఆయన చూపిన తెగువ తెలుగువారి చరిత్రలో చిన్నవి కావు. అయినప్పటికీ ఆ సంస్కరణ వితంతువుకు తమలపాకును తిరిగి ఇచ్చింది రెండో పెళ్లి ద్వారా మాత్రమే. మళ్లీ పెళ్లి వద్దనుకున్న స్త్రీ ఒంటరిగానే ఉండి పువ్వు పెట్టుకోవచ్చునా, ఇష్టమైనది వండుకుని తినవచ్చునా అన్న ప్రశ్న ఆనాటి సంస్కరణోద్యమంలో ప్రధానం కాలేదు, ఈనాటికీ దానికి నిండైన జవాబు రాలేదు.

ప్రభుత్వాల దృష్టి కూడా ఇంతకంటే చాలా ముందుకు పోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టడం నిస్సందేహంగా మంచి పని; ఆ డబ్బు ఎందరికో బియ్యమూ మందులూ అయింది. కాని ఆ డబ్బుతో ఒక స్త్రీ సినిమాకు వెళ్లిందని తెలిస్తే ఊళ్లో పుట్టే వ్యాఖ్య ఎలా ఉంటుందో ఎవరికైనా ఊహకు అందుతుంది. ఒంటరి మనిషి అవసరాన్ని లోకం ఒప్పుకుంటుంది, ఇష్టాన్ని ఒప్పుకోదు.

ఎదగనితనం అనే ఆరోపణ వెనుక, ఒంటరితనం పెళ్లికి ముందు వచ్చే కొద్దిపాటి మజిలీ మాత్రమే అనే నమ్మకం కూడా ఉంది. లెక్కలు దీన్ని బలపరచవు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో వితంతువులు, విడాకులు పొందినవారు, భర్తకు దూరమైనవారు, అవివాహితలు కలిసి ఒంటరి స్త్రీలు 7 కోట్లకు పైబడ్డారు. కేంద్ర గణాంక శాఖ 2022లో వెలువరించిన యువజన నివేదిక ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వారిలో పెళ్లి కానివారి వాటా 2011తో పోలిస్తే 2019 నాటికి పెరిగింది. వీరిలో కొందరు రేపు పెళ్లి చేసుకుంటారు, కొందరు చేసుకోరు, కొందరికి అయిన పెళ్లి నిలవదు. ఇన్ని కోట్లమంది తమ సరదాలను పెళ్లి అయ్యేదాకా వాయిదా వేసుకోవాలనో, అయిన పెళ్లితోపాటే వదులుకోవాలనో కోరడం ఏ నీతిశాస్త్రం ప్రకారమూ న్యాయం కాదు.

ఇక రెండవ భాగం. ఒంటరివారు కలిసి సరదా పంచుకుంటే చెడిపోతారన్న వాదాన్ని గట్టిగా పట్టుకుని పరిశీలించాలి, ఎందుకంటే సదుద్దేశం గల పెద్దలు సైతం దీన్ని నమ్ముతారు. పంపకం అలవాటును పెంచుతుందని ఈ వాదం ఊహిస్తుంది. హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి హాస్టళ్ల వాడల్లో, చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టూ పోటీ పరీక్షలకు చదివేవారు అద్దెకుండే గదుల్లో నిజంగా జరిగేది దీనికి విరుద్ధం. ఒక టీని రెండు కప్పుల్లో పోయించుకోవడాన్ని అక్కడ వన్ బై టూ అంటారు, రెండింటిని ముగ్గురు పంచుకుంటే టూ బై త్రీ. ఈ లెక్కలు పుట్టింది డబ్బు కొరతలోంచే అయినా, వాటి ఫలితం మితం. ఒక బిర్యానీ ప్యాకెట్టు ముగ్గురి మధ్య విప్పినప్పుడు ఎవరికీ అతిగా తినే వీలుండదు. ఈ నెల ఇది మూడోసారి అని గుర్తుచేసే మనిషి పక్కనే ఉంటాడు. జేబులో డబ్బు లేనివాడి వాటా ఎవరు ఇచ్చారో అందరికీ తెలుసు, వచ్చే నెల అతడు ఇస్తాడనీ తెలుసు. కుటుంబం తన సభ్యులకు నేర్పుతుందని చెప్పే మూడు విషయాలు, అంటే హద్దు తెలియడం, ఎదుటివాడి ఆకలి గమనించడం, బాకీ గుర్తుంచుకోవడం, ఈ గదుల్లో నిత్యం సాధన అవుతూనే ఉన్నాయి.

హద్దు మీరే అలవాట్లు పెరిగేది చాటులో. ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించవలసి వచ్చింది. ఆ ఆటల తీరును మామూలు పేకాటతో పోల్చి చూడాలి. గదిలో నలుగురు చుట్టూ కూర్చుని ఆడుకునే పేకాటలో ఒకడు ఓడిపోతున్నాడంటే తక్కిన ముగ్గురికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఇక చాలు అంటారు. దుప్పటి కప్పుకుని ఫోన్లో ఆడేవాడి నష్టం మాత్రం అప్పులవాళ్లు తలుపు తట్టేదాకా పక్క మంచం మీద పడుకున్నవాడికి కూడా తెలియదు. సిగ్గు మనిషిని సరదా నుంచి తప్పించదు, సరదాను చూసే కళ్ల నుంచి తప్పిస్తుంది. దాచుకోవడమే మర్యాద అని బోధించేవారు తమకు తెలియకుండానే వ్యసనానికి కావలసిన చీకటిని సమకూరుస్తున్నారు.

దీనికి ఎదురుగా సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఉదాహరణగా చూపేవారున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసిన ఆ పోరాటంలో స్త్రీలు మగవాళ్ల సరదా మీదే కదా తిరగబడ్డారు అని వారి ప్రశ్న. ఆ స్త్రీలు తిరగబడింది తమ కూలి డబ్బు సారా దుకాణానికి చేరడం మీద, ఇంట్లో తిండి గింజలు లేకపోవడం మీద, ఒంటి మీద పడే దెబ్బల మీద. ఒకరి సుఖానికి మరొకరు వెల చెల్లించే ఏర్పాటు అది, దానికీ పంచుకున్న సరదాకూ పోలిక లేదు. పైగా ఆ ఉద్యమం పుట్టింది అక్షరాస్యతా తరగతుల్లో, ఎవరింట్లో వారు నోరు మూసుకుని భరించిన బాధను స్త్రీలు ఒకచోట చేరి ఒకరితో ఒకరు చెప్పుకున్నప్పుడు. దాపరికం తొలగితే ఎంత బలం వస్తుందో తెలుగునేల చూసిన గొప్ప దృష్టాంతాలలో అదొకటి.

అయితే బ్యాచిలర్ గదుల్లో తాగనివాడిని ఎగతాళి చేయడం, సిగరెట్ వద్దన్నవాడి చేత బలవంతంగా ముట్టించడం ఉన్నాయన్నది కాదనలేని నిజం. అది పంపకం కాదు, ఒత్తిడి. దానికి కొలత కూడా స్పష్టంగానే ఉంది. నాకొద్దు అన్న మనిషి అదే చాప మీద అదే మర్యాదతో కూర్చోగలిగితే అక్కడ ఉన్నది పంపకం. లేచి వెళ్లిపోవలసి వస్తే, అక్కడున్నవారు ఎంత సరదాగా కనిపించినా, అక్కడ పెద్దరికం చేస్తున్నది మంద మనస్తత్వం.

ఒంటరి మగవాడి సరదా మీద ఉన్న అనుమానానికి సాహిత్యం కూడా కొంత దోహదం చేసింది. గురజాడ కన్యాశుల్కంలోని గిరీశం బ్రహ్మచారి, చుట్ట ప్రియుడు, మాటకారి, పూటకూళ్లమ్మను మోసగించినవాడు. 1892లో నాటకం రంగస్థలం ఎక్కిన నాటి నుంచి ఒంటరి మగవాడంటే గిరీశమే అన్న ముద్ర ఎంత బలంగా పడిందంటే, చుట్ట తప్పా మోసం తప్పా అని విడదీసి ఆలోచించేవారు తక్కువయ్యారు. అతడి నేరం డబ్బు కాజేయడం, చుట్ట కాల్చడం కాదు. అంతకు నాలుగు శతాబ్దాలకు పైగా ముందరిదైన క్రీడాభిరామంలో మరో దృశ్యం ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు, ఒకరు బ్రాహ్మణుడు, మరొకరు వైశ్యుడు, కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ల పోరు చూస్తారు, సంతలు చూస్తారు, రూక ఇస్తే కమ్మగా భోజనం పెట్టే పూటకూళ్ల ఇంటి సంగతి అందులోనే వస్తుంది. కర్తృత్వం వినుకొండ వల్లభరాయుడిదా శ్రీనాథుడిదా అన్న వివాదం ఎలా ఉన్నా, సంసారాన్ని వెంటబెట్టుకోకుండా మిత్రుడితో కలిసి ఊరిని అనుభవించే మనిషిని ఆ కావ్యం నిస్సంకోచంగా నాయకుణ్ని చేసింది. తెలుగు సంప్రదాయమంతా సంసారి సుఖాన్నే గౌరవించిందనే వారు ఈ కావ్యాన్ని దాటేసి మాట్లాడుతున్నారు.

స్త్రీల విషయంలో చాటు సరదాల పంపకానికి ఇంకా గట్టి చరిత్ర ఉంది. 1960ల నుంచి వారపత్రికలు, మాసపత్రికల ధారావాహికలను పేజీలు చించి, వరుసగా పేర్చి, కుట్టి, చేతులు మార్చుకుంటూ చదివిన స్త్రీలు లెక్కలేనంతమంది. అద్దె పుస్తకాల షాపులో ఒకరు తెచ్చిన నవలను గడువు తీరేలోగా హాస్టల్ గదిలో నలుగురు వంతులు వేసుకుని పూర్తి చేయడం మామూలు విషయం. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల కథానాయిక జయంతి పెళ్లి కాని, ఉద్యోగం చేసుకునే యువతి. ఆ నవలను గుట్టుగా చదివిన అమ్మాయిలలో చాలామందికి అటువంటి బతుకు ఒకటి ఉంటుందన్న ఊహ ఇచ్చిందే అది. వీటిని కాలక్షేప సాహిత్యం అని తీసిపారేసినవారు పుస్తకంలో ఏముందో చూశారు కాని, పుస్తకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూడలేదు. నాయకుడి గురించి నలుగురు యువతులు చేసుకున్న వాదనలో తమకు ఎలాంటి మగవాడు కావాలి, ఎలాంటివాడు వద్దు, అసలు ఎవరైనా కావాలా అన్న ప్రశ్నలన్నీ వచ్చాయి; తల్లిదండ్రుల ముందు నోరు విప్పి అడగలేని ఆ ప్రశ్నలకు నవల ఒక సాకు అయింది. ఆ సాకు లేకుండా ఆ మాటలు వచ్చేవి కావు.

తిండి పంపకానికి తెలుగునేల మీద ఉన్న పెద్ద అడ్డంకి కులం. ఎంగిలి, అంటే మరొకరి నోరు తగిలిన పదార్థం వల్ల కలుగుతుందని భావించే మైల, ఎవరితో కలిసి తినవచ్చునో నిర్ణయించిన సమాజమిది. సహపంక్తి భోజనం, అంటే అన్ని కులాలవారూ ఒకే వరుసలో కూర్చుని తినడం, సంస్కర్తలు ప్రత్యేకంగా ఏర్పాటు చేసి సాధించవలసిన కార్యక్రమంగా ఉండేది. ఈ రోజుల్లో ఆ పనిని ఒక వంటకం నిశ్శబ్దంగా చేస్తోంది: నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల సంతతి నివసించే హైదరాబాదు బార్కాస్ ప్రాంతం నుంచి మండి అనే వంటకం నగరమంతటికీ, ఇప్పుడు జిల్లా పట్టణాలకూ పాకింది. అన్నం, మాంసం ఉన్న ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని అందులోంచే తినడం దాని పద్ధతి. ఆ పళ్లెం చుట్టూ కూర్చునే వేర్వేరు కులాల, మతాల ఒంటరి యువతీయువకులు ఏ సంస్కరణ సభకూ హాజరు కాలేదు, ఏ ప్రతిజ్ఞా చేయలేదు. శాకాహార కుటుంబాల నుంచి వచ్చి మొదటిసారి గుడ్డో మాంసమో తిన్నవారికి కలిగే అపరాధభావం కూడా నిజానికి వంటకానికి సంబంధించింది కాదు, ఇంటివారి కులమర్యాదకు సంబంధించింది. శాకాహారులకే ఇల్లు అద్దెకిస్తామనే బోర్డు ఆ అపరాధభావాన్ని గోడ మీదికి ఎక్కించింది. ఒంటరివారు కలిసి ఉండే గదిలో ఈ అపరాధభావం గురించి ఒకరికొకరు చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు, ఎందుకంటే చెప్పుకున్న చోట ఎంగిలి పట్టింపు నిలవదు.

సరదాల మీద కట్టుకున్న స్నేహం లోతు లేనిది అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. స్నేహాన్ని ప్రయోజనం కోసం చేసేది, ఆనందం కోసం చేసేది, సద్గుణం మీద నిలిచేది అని మూడు రకాలుగా విభజించిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ను ఈ మాటకు ఆధారంగా చూపుతారు. ఆయన మూడవదాన్ని ఉత్తమమని చెప్పిన మాట నిజమే. ఆ విభజన చేసిన గ్రంథంలోనే, ఆనందం కోసం చేసే స్నేహం ప్రయోజనం కోసం చేసే దానికంటే నిజమైన స్నేహానికి దగ్గరగా ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. స్నేహాన్ని గురించిన చర్చ చివర్లో, మనుషులు తమకు బతుకంటే ఏదో దాన్ని మిత్రులతో కలిసి చేయాలనుకుంటారని, కొందరు కలిసి తాగుతారు, కొందరు కలిసి పాచికలాడతారు, కొందరు వేటాడతారు, కొందరు తత్వచర్చ చేస్తారని ఒకే వరుసలో చెప్పాడు. ఉద్యోగ పరిచయాలు పెంచుకోవడానికి సభలకు వెళ్లేవారిని మెచ్చుకుని, బజ్జీల బండి దగ్గర కలిసేవారిని తేలిక చేసే నేటి అభిప్రాయం ఆయన చెప్పిన తారతమ్యాన్ని తలకిందులు చేసింది.

ఇటీవల ఇంకో వాదం తలెత్తింది, అది ఆధునికంగా కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ: ఎవరి ఇష్టం వారిది, ఎవరికీ చెప్పనక్కర్లేదు, తలుపు మూసుకుని హాయిగా ఉండవచ్చు. ఒక్కరికి సరిపడే ప్యాకెట్లు, గుమ్మం దాకా తెచ్చిచ్చే సేవలు, ఒక్కరి చెవికే వినిపించే పరికరాలు ఈ వాదానికి తోడయ్యాయి. పెద్దలు సిగ్గు పేరుతో వేసిన గొళ్లేన్నే ఇది స్వేచ్ఛ పేరుతో లోపలి నుంచి వేయిస్తుంది. రెండింటి ఫలితమూ ఒకటే.

ఈ అభిప్రాయాలన్నీ చివరికి గోడలుగా, తాళాలుగా మారే చోటు నివాసం. ఉద్యోగినుల వసతిగృహాల కోసం కేంద్ర ప్రభుత్వం 1972-73లోనే పథకం ప్రారంభించింది. ఒంటరి స్త్రీకి నగరంలో చోటు కావాలని రాజ్యం గుర్తించి అర్ధశతాబ్దం దాటింది. ఈనాటికీ ప్రైవేటు హాస్టళ్లలో, అద్దె గదుల్లో సాధారణంగా కనిపించే నిబంధనలు గదిలో వండకూడదు, మరో గదివారు రాకూడదు, పదింటి తర్వాత మాటలు వినపడకూడదు, బంధువులు తప్ప ఎవరూ రాకూడదు అనే వరసలోనే ఉంటాయి. అగ్నిప్రమాదం, భద్రత అనే కారణాలు కొంతవరకు నిజమైనవే. కాని వాటికి పరిష్కారం సురక్షితమైన ఉమ్మడి వంటగది, అందరూ కూర్చునే గది, రాకపోకల నమోదు, అంతే కాని మనుషులు ఒకరి గదికి మరొకరు వెళ్లకుండా చేయడం కాదు. ఆ నిబంధనలను రాసేటప్పుడు అక్కడ ఉండేవారిని కూర్చోబెట్టి అడగాలి. ముప్పై ఐదేళ్ల బ్యాంకు ఉద్యోగిని, యాభై ఏళ్ల వితంతు నర్సు, ఇరవై నాలుగేళ్ల గ్రూప్స్ అభ్యర్థి రాత్రి పదకొండింటికి ఒకే గిన్నెలో నూడుల్స్ వండుకుని తినడానికి వార్డెన్ అనుమతి అడగవలసిన అవసరం ఏమిటో చెప్పవలసిన బాధ్యత ఆ అనుమతిని తప్పనిసరి చేసినవారి మీద ఉంది.